ముందు పరిగె, తర్వాత బాతులు

అరవై వేల రూపాయలు పెట్టి రెండొందల నలభై బాతుల్ని కొన్న లోవరాజుకు తూముపాలెంలో లెక్కల మనిషని పేరుండేది గానీ, తన వంతు వచ్చేదాకా ఆగే గుణం మాత్రం బొత్తిగా ఉండేది కాదు.

ఆ అరవై వేలు అతను చేపల చెరువుల మీద మూడేళ్లు మేత లెక్కలు రాసి కూడబెట్టుకున్నవి. డిగ్రీ చదివినవాడు బాతులు కాయడమేమిటని ఊళ్లో నవ్వేవాళ్లు. లోవరాజు పట్టించుకునేవాడు కాదు. "కోడికి మేత కొనాలి, గేదెకు దాణా కొనాలి. బాతుకు ఏం కొనాలి? కోత అయ్యాక చేలో రాలిన గింజ లేదూ? ఎకరానికి బస్తాలో మూడో వంతు రాలుతుంది. ఊరు మొత్తానికి ఎన్ని బస్తాలు మట్టిలో కలుస్తున్నాయో మీరే లెక్కేసుకోండి. ఒక్క గింజ కూడా వృథా పోనివ్వకపోతే ఊరు ఇంకో ఊరికి తిండి పెట్టొచ్చు" అని ఎదురు చెప్పేవాడు. అడిగినవాళ్లు లెక్క వేసుకునేలోపే జవాబు కూడా తనే చెప్పేసేవాడు.

తొలి పంట సార్వా కోతలు మొదలయ్యాయి. తూముపాలెం చేలు పల్లం. యంత్రం దిగితే కూరుకుపోతుంది. అందుకని అక్కడ ఇప్పటికీ ఆడవాళ్ల ముఠాలే కొడవళ్లతో కోసేవి. కోసిన పైరు పనలుగా చేలోనే ఆరేది. పనలు ఎత్తి కుప్ప వేశాక, కోసిన ఆడవాళ్లే బుట్టలు పట్టుకుని మళ్లీ చేలోకి దిగి, రాలిన కంకులు ఏరుకునేవారు. దాన్నే పరిగె అంటారు. పరిగె ఏరడం అయ్యేదాకా ఎవరూ ఆ చేలోకి పశువును తోలేవారు కాదు. అలా చెయ్యాలని ఎవరూ చాటింపు వెయ్యలేదు. ఎప్పటినుంచో అలా జరిగిపోతోంది, అంతే.

లోవరాజు పెద్ద రైతు వెంకట్రాయుడి ఇంటికి వెళ్లాడు.

"బాబాయ్ గారూ, మీ చేలో రాలిన గింజంతా వృథా అవుతోంది. నా బాతుల్ని తోలుకుంటానండి. వాటికి కడుపు నిండుతుంది, మీకు ఖర్చు లేకుండా ఎరువు పడుతుంది" అన్నాడు.

"మంచిదే కదరా. పరిగెవాళ్లు ఏరుకున్నాక తోలుకో" అన్నాడు వెంకట్రాయుడు.

"వాళ్లు వచ్చి ఏరేదాకా ఆగితే సగం ఎలుకలు తింటాయి, సగం పిచ్చుకలు తింటాయండి. ఇక నాకు మిగిలేది సున్నా."

"నా గింజ కుప్ప ఎక్కింది. కింద రాలింది నేను లెక్కపెట్టను. ఆపైన నీ ఇష్టం" అని వెంకట్రాయుడు కండువా దులుపుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ 'నీ ఇష్టం' అన్న మాటనే లోవరాజు అనుమతి అనుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆ చేను కోసిన సువార్తమ్మ ముఠా బుట్టలతో వచ్చేసరికి, చేనంతా బాతులే. తోకలు పైకెత్తి, మెడలు సాచి, కంకులు కంకులుగా లాగి మింగుతున్నాయి. సువార్తమ్మ గట్టు మీదే నిలబడిపోయింది. ఆమె వెనక కోడలు కరుణ, ఆ వెనక మిగతా ఆడవాళ్లు.

"ఏం బాబూ, మాకంటే ముందే నీ ముఠా దిగిందే! కోత కోసింది కూడా వీళ్లేనా?" అంది సువార్తమ్మ.

"కొడవళ్లు ఎందుకత్తా వీళ్లకి? ముక్కులే కొడవళ్లు. కూలి కూడా అడగరు" అంది కరుణ.

ఆడవాళ్లు నవ్వారు. లోవరాజు కూడా నవ్వాడు. నవ్వి, చేతిలోని వెదురుగడ నేలకు ఆనించి, లెక్క విప్పాడు.

"చూడు సువార్తమ్మా, మీరు పది మంది. రెండు రోజులు నడుం వంచితే మనిషికి నాలుగైదు కుంచాలు వస్తాయి. అదే రెండు రోజులు ఇంకో పనికి వెళ్తే అంతకంటే ఎక్కువే వస్తుంది. మరి నడుము నొప్పి దేనికి చెప్పు?"

"ఆ ఇంకో పని ఎక్కడుందో కూడా నువ్వే చెప్పు బాబూ. కోతలు అయిపోయాయి. రెండో పంటకి దాళ్వా ఊడుపులు పడేదాకా మమ్మల్ని పిలిచేవాడు లేడు. ఆ మధ్యలో మా పొయ్యి మీదకి ఎక్కేది ఈ పరిగె గింజే."

ఆ మధ్య రోజులు లోవరాజు లెక్కలో లేవు. అయినా గడ మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"రైతు ఒప్పుకున్నాడు" అన్నాడు.

"రైతు తనది ఇచ్చాడు. మాది ఎవరిచ్చారు?" అంది సువార్తమ్మ.

లోవరాజు బాతుల వైపు తిరిగాడు. ఆడవాళ్లు బాతులు తిరగని మూలల్లో నాలుగు కంకులు ఏరుకుని, పక్క చేనికి వెళ్లారు. ఆ పక్క చేనిలో పనలు ఎత్తేసరికి లోవరాజు మంద అక్కడికీ చేరింది. ఆ తర్వాతి చేనిలోనూ అంతే. ఆడవాళ్లు వచ్చేసరికి ముందుగా ఈకలు కనిపించేవి.

మొదట్లో లోవరాజు సంబరానికి పట్టపగ్గాల్లేవు. మేతకు ఒక్క రూపాయి పెట్టలేదు. బాతులు పొద్దెక్కకముందే మెడ కింద మేత సంచులు ఉబ్బేదాకా వడ్లు మింగి, గట్టు నీడన కూర్చుని కునికేవి. తెల్లారి వల కట్టిన దొడ్డిలోకి వెళ్తే గడ్డి నిండా తెల్లటి గుడ్లు. గుడ్ల వ్యాపారి అబ్బులు వ్యాను తెచ్చుకుని అట్టలు అట్టలుగా ఎత్తుకెళ్లేవాడు. ఆ గుడ్లు లారీ ఎక్కి కేరళ దాకా వెళ్లేవి.

తర్వాత గుడ్లు తగ్గసాగాయి. పెట్టినవి కూడా పట్టుకుంటే ఏదోలా ఉండేవి. ఒకరోజు అబ్బులు ఒక గుడ్డు తీసి బొటనవేలితో నొక్కాడు. పెంకు సొట్ట పడింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే.

"ఏంటి తమ్ముడూ, ఇవి గుడ్లా, తోలుబూరలా? లారీ మన గోదావరి వంతెన దాటకముందే అట్టు అయిపోతాయి" అన్నాడు.

"ఈ ఒక్కసారికి తీసుకో అన్నా. రేపటికి సర్దుకుంటాయి."

"నువ్వు లెక్కలవాడివి. పగిలిన గుడ్డుకు డబ్బు కట్టే లెక్క ఏదైనా ఉంటే చెప్పు, వింటాను." అబ్బులు అట్టలన్నీ దించేశాడు. వ్యాను ఎక్కుతూ కాస్త మెత్తబడ్డాడు. "ఆదివారం మళ్లీ వస్తాను. అప్పటికి పెంకు గట్టిపడితే సరే. లేదంటే నేను కాలువ అవతల ఇంకో మందను చూసుకోవాలి. నా లారీ ఖాళీగా వెళ్లదు కదా, ఏమీ అనుకోకు" అన్నాడు.

అబ్బులు కొనకపోతే ఆ చుట్టుపక్కల అన్ని గుడ్లు కొనేవాడు లేడు. గుడ్లు అమ్ముడుపోని మందను మాంసానికి అమ్ముకోవడం తప్ప వేరే దారి లేదు.

జబ్బేమోనని లోవరాజు ఒక్కొక్క బాతునే పట్టి చూశాడు. కళ్లు బాగున్నాయి, ఈకలు మెరుస్తున్నాయి. మరేమైనట్టు? అలా చూస్తూ చూస్తూ దొడ్డి చివరకు వచ్చాడు. అక్కడ కాళ్లు సరిగా లేని బాతులు కొన్ని ఉండేవి. అవి చేల దాకా నడవలేవని, వాటిని సువార్తమ్మ వాళ్లుండే పేట పక్కనున్న మురుగు నీటి బోదె ఒడ్డునే వదిలేసేవాడు. వాటిని అతను లెక్కలోంచి ఎప్పుడో తీసేశాడు. వాటి కింద ఉన్న గుడ్లు తీసి వేళ్లతో నొక్కాడు. గట్టిగా ఉన్నాయి. ఒకదానితో ఒకటి తాటించాడు. టక్కుమన్నాయి.

లోవరాజు వాటిని బోదెకు తోలి, ఒడ్డున చతికిలబడి ఆ కుంటి బాతుల్నే చూశాడు. వాటికి వడ్లు దొరకవు. అందుకని గడ్డి దుబ్బుల్లో, బురదలో ముక్కు దూర్చి వెతుకుతున్నాయి. నత్తలు, గుల్లలు, పురుగులు, దొరికిందల్లా మింగుతున్నాయి. అప్పుడు తెలిసింది అతనికి. మంద మొత్తం వడ్ల కంకులతోనే కడుపు నింపుకుని కునుకుతోంది. ఇక నత్తల కోసం బురదలో వెతికే ఓపిక వాటికెక్కడిది? నత్త గుల్ల కడుపులో పడకపోతే గుడ్డుకు పెంకు ఎక్కడినుంచి వస్తుంది?

ఆడవాళ్లు ముందు కంకులు ఏరుకుని ఉంటే, బాతులకు మిగిలేది మట్టిలో చెదిరిన గింజ. దాన్ని వెతుక్కుంటూ అవి నత్తల దగ్గరికి కూడా వెళ్లేవి. పక్కవాళ్ల వంతు కూడా తిన్నందుకు తన బాతులే చెడ్డాయి.

కానీ తెలిసినంత మాత్రాన ఏం లాభం? బోదె ఒడ్డు పది బాతులకే చాలదు. మిగిలిన చేలు ఎండి పెళుసెక్కాయి. ఇంకా తడి ఉన్నది, నత్తలున్నది వెంకట్రాయుడికున్న ఇంకో చేనులో, ఊళ్లోకెల్లా పల్లంగా ఉన్న ఆ ఒక్కదానిలోనే. దాని పనలు ఎత్తడం ఒక్కటే మిగిలింది.

అమ్ముడుపోని గుడ్లను తట్టలో వేసుకుని, బోదెలో పారబోద్దామని లోవరాజు పేట వైపు వెళ్లాడు. సువార్తమ్మ వాకిట్లో చాప పరిచి వడ్లు ఆరబెడుతోంది. తట్ట చూసి లేచింది.

"ఎక్కడికి బాబూ ఆ గుడ్లు?"

"పారెయ్యడానికి. మెత్తబడ్డాయి. ఎవరూ కొనరు."

"కుళ్లాయా?"

"లేదు. పొద్దున పెట్టినవే. పెంకే లేదు."

"పెంకును ఎవరు తింటారయ్యా!" సువార్తమ్మ తట్టకు చెయ్యి వేసింది. "మా గింజ తిని పెట్టిన గుడ్లే కదా. ఇటివ్వు, మావే ఇవి. ఒసే కరుణా, దాక తీసుకురా. పేటంతటికీ పులుసు పెట్టొచ్చు."

కరుణ దాక పట్టుకొచ్చింది. "అత్తా, పరిగె ఏరుకోనివ్వకపోయినా పులుసుకు తెచ్చిచ్చాడు. బంగారంలాంటి మనిషి" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంతుందో, నవ్వు ఎంతుందో లోవరాజుకు తేలలేదు.

అతని చూపు చాప మీద పడింది. వడ్లు చాపలో ఒక మూలకే ఉన్నాయి. సువార్తమ్మ వాటినే వేళ్లతో పలచగా, ఇంకా పలచగా పరుస్తోంది.

"నిరుడు ఈ చాప చాలక దుప్పటి కూడా పరిచాం" అంది ఆమె, తనలో తను అనుకుంటున్నట్టు.

లోవరాజు అలవాటు కొద్దీ లెక్క వేశాడు. ఇన్ని వడ్లు. దంచితే ఇన్ని బియ్యం. ఇంట్లో ఇంతమంది. ఊడుపులు ఇంకా ఎంత దూరం? లెక్క చప్పున తేలిపోయింది. ఎప్పుడూ జవాబు రాగానే గట్టిగా చెప్పేసే అలవాటున్న లోవరాజు ఈసారి నోరు విప్పలేదు. ఖాళీ తట్ట తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

పల్లపు చేనులో పనలు ఎత్తేసిన మర్నాడు, వెలుగు రాకముందే లోవరాజు మందను తోలుకుని వెళ్లాడు. అతని భుజం మీద ఖాళీ గోనెలు కూడా ఉన్నాయి. అంతకుముందు రాత్రే అతనికి ఒక ఉపాయం తట్టింది. కంకులన్నీ ముందు తనే ఏరి గోనెల్లో పోసుకోవాలి. ఆ తర్వాత బాతుల్ని దింపాలి. కంకులూ దక్కుతాయి, నత్తలూ దక్కుతాయి. వెంకట్రాయుడు ఎలాగూ 'నీ ఇష్టం' అన్నాడు. ఆదివారం ముంచుకొస్తోంది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

అతను గోనె విప్పి గట్టు దిగాడు. ఒక కంకి ఏరాడు. ఇంకోటి ఏరాడు. నిండుగా, బరువుగా ఉన్నాయి. గుప్పెడు నిండేసరికి అతనికి చాప గుర్తొచ్చింది. దాని మీద వడ్లను పలచగా పరుస్తున్న వేళ్లు గుర్తొచ్చాయి. ఆ గుప్పెడు కంకుల్ని గోనెలో వెయ్యడానికి చెయ్యి రాలేదు.

వాటిని ఎక్కడ ఏరాడో అక్కడే పెట్టి, గట్టెక్కి, బాతులకు అడ్డంగా గడ పెట్టుకుని నిలబడ్డాడు. కింద తడి నేలను చూసి బాతులు ఒకటే గోల. ఒకటి రెండు అతని కాళ్ల సందు నుంచి దూరబోయాయి. గడతో వెనక్కి నెట్టాడు. పొద్దెక్కింది. లోవరాజు చెమటలు కక్కుతూ అలాగే నిలబడ్డాడు. ఆగడం అతనికి అలవాటు లేని పని. గట్టు మీద బాతులకంటే అతనికే ఎక్కువ కష్టంగా ఉంది.

బుట్టలతో వచ్చిన ఆడవాళ్లు ఆ దృశ్యం చూసి ఆగిపోయారు.

"ఇదేంటి బాబూ, ఈ రోజు మీ ముఠా పనిలోకి దిగలేదే? సమ్మె చేస్తున్నాయా?" అంది సువార్తమ్మ.

"మీ వంతు అవ్వాలి కదా" అన్నాడు లోవరాజు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. లోవరాజు గోనెలు తీసి సువార్తమ్మ చేతికిచ్చాడు.

"ఈ చేను పెద్దది. మీ బుట్టలు చాలవు. వీటిలో పోసుకోండి" అన్నాడు. ఆ గోనెలు దేనికి తెచ్చాడో మాత్రం చెప్పలేదు. తలదించుకుని, "ఇంతకుముందు చేలలో మీది తినేశాను, సువార్తమ్మా. అది తిరిగి ఎలా ఇవ్వాలో నాకు లెక్క దొరకడం లేదు" అన్నాడు.

సువార్తమ్మ గోనెలు చంకన పెట్టుకుని అతని ముఖంలోకి చూసింది. ఎండకు కమిలిపోయి ఉంది. వెనక బాతులు అరుస్తూనే ఉన్నాయి.

"ఆదివారం ఆ వ్యానతను వస్తాడటగా? పేటంతా అనుకుంటున్నారు" అంది.

"వస్తాడు."

"మరి మేం రెండు రోజులు ఏరితే నీ బాతుల సంగతేంటి?"

"అది నా వంతు వచ్చాక చూసుకుంటాను."

"అబ్బో! ఆగడం నేర్చుకున్నావు సరే, నీ బాతుల ఆకలి ఆగదు కదా బాబూ." ఆమె వెనక్కి తిరిగి కేకేసింది. "అమ్మాయిలూ, చెల్లాచెదురుగా దిగకండి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వరుసగా నిలబడండి. ఏరుకుంటూ ముందుకు పోదాం. మన వెనక ఖాళీ అయిన చోట బాతుల్ని దింపుతాడు. లోవరాజుబాబూ, అవి మా వరుస దాటి ముందుకు వచ్చాయో, ఒక్కొక్కదాన్నీ పులుసులో వేస్తాం!"

"దాటనివ్వను" అన్నాడు లోవరాజు.

ఆడవాళ్లు వరుస కట్టి వంగారు. వాళ్ల వెనక లోవరాజు గడ అడ్డం పెట్టి, కొద్దికొద్దిగా బాతుల్ని వదిలాడు. ముందు చేతులు కంకులు ఏరుకుంటూ పోయాయి. వెనక ముక్కులు బురదలో చెదిరిన గింజనీ, గింజతో పాటు నత్తల్నీ వెతుక్కుంటూ వచ్చాయి. ఒక తుంటరి బాతు వరుస దాటి కరుణ బుట్టలోనే తల పెట్టింది. "ఓయ్ లెక్కల మాస్టారూ, నీ బాతుకు ఇంకా వంతులు నేర్పలేదేం?" అని కరుణ దాన్ని రెక్కలు పట్టి వెనక్కి విసిరింది. చేనంతా నవ్వులు.

మూడు పూటలకు పల్లపు చేను అయిపోయింది. గోనెలు నిండాయి. లోవరాజు వాటిని తన సైకిలు మీదే పేటకు చేర్చాడు. సువార్తమ్మ చాప ఈసారి చాలలేదు. దుప్పటి పరచాల్సి వచ్చింది.

ఆదివారం అబ్బులు వచ్చాడు. గుడ్డు తీసి బొటనవేలితో నొక్కాడు. పెంకు నిలిచింది. ఇంకోటి నొక్కాడు. అదీ నిలిచింది. అన్నీ అలా లేవు. ఇంకా కొన్ని మెత్తగానే ఉన్నాయి. అబ్బులు వాటిని పక్కకు పెట్టి, మిగతావి వ్యాను ఎక్కించాడు.

"అట్టలు తక్కువే గానీ సరుకు బాగుంది. వచ్చే వారం కూడా వస్తాను. ఏం మందు వేశావు తమ్ముడూ?"

"మందు కాదన్నా. బాతుల్ని వెనక నడిపించాను, అంతే."

అబ్బులుకు అర్థం కాలేదు. లోవరాజు విడమరిచి చెప్పలేదు. మెత్తటి గుడ్లను తట్టలో పెట్టి పేటకు పంపించాడు. అవి పారేసే సరుకు కాదని అతనికిప్పుడు తెలుసు.

కొన్ని రోజులకు తూముపాలెంలో చేలన్నీ అయిపోయాయి. కాలువ అవతలి ఊళ్లో కోతలు ఆలస్యంగా పడ్డాయని కబురొచ్చింది. మందను అక్కడికి తోలాలి. వెంకట్రాయుడు గడప దగ్గర కూర్చుని, "ఆ ఊరి పెద్ద రైతు నాకు బాగా తెలుసురా. ఉత్తరం రాసిస్తాను, పట్టుకెళ్లి చూపించు. చేలోకి దింపుకోమంటాడు" అన్నాడు.

"ఆయన దగ్గరికీ వెళ్తానండి. కాకపోతే తర్వాత" అన్నాడు లోవరాజు.

"మరి ముందు ఎవరి దగ్గరికి?"

"ఆ ఊళ్లో పరిగె ఏరేవాళ్ల పేట ఎటుందో సువార్తమ్మ చెప్పింది. వాళ్లు ఏ చేలో ఎప్పుడు దిగుతారో కనుక్కుని, వాళ్ల వెనక మందను తోలుకుంటానని అడగాలి."

అని చెప్పి లోవరాజు అన్నం క్యారేజీ సైకిలుకు తగిలించుకుని, కాలువ గట్టు వైపు బయలుదేరాడు.

ఒకరికి వృథాగా కనిపించేది ఇంకొకరి కంచంలో అన్నం కావచ్చు. అది ఎవరి వంతో అడిగి తెలుసుకుని, వాళ్లు తీసుకునేదాకా ఆగగలిగితేనే ఊరి తిండి అందరికీ, పదికాలాల పాటూ అందుతుంది.